శాలువా కాదు, సుత్తిదెబ్బ

మన పత్రికల జిల్లా పేజీలలో అడపాదడపా ఒక వార్త వస్తూ ఉంటుంది. ఎక్కడో ఒక పల్లెలో, పెద్ద చదువు లేని కుర్రవాడొకడు పాతసామాను కొట్లో కొన్న ఇనుపగొట్టాలతో, పాత బండి నుంచి ఊడదీసిన ఇంజనుతో ఎగిరే యంత్రం కట్టాడట. పక్కనే ఛాయాచిత్రం. చుట్టూ ఊరివాళ్ళు, నడుమ యంత్రం, దాని ముందు శాలువా కప్పించుకొని బిడియంగా నవ్వుతున్న ఆ కుర్రవాడు. మట్టిలో మాణిక్యమని శీర్షిక. ప్రభుత్వం ఆదుకోవాలని చివరి వాక్యం. మనం చదివి, గర్వపడి, నలుగురికీ పంపి, మర్నాటికి మరచిపోతాం.

ఆ వార్తలో నాకెప్పుడూ ఒక వాక్యం లోపించినట్లే కనబడుతుంది. కట్టినవాడు కాక, పని తెలిసిన మరొక మనిషెవరైనా ఆ యంత్రాన్ని ముట్టుకొని చూశాడా? ఈ నట్టు వదులైంది, ఈ అతుకు నిలవదు, ఇవాళ ఇంజను తిప్పవద్దు అని చెప్పాడా? విలేఖరి అడగడు. శాలువా తెచ్చిన నాయకుడు అడగడు. చదివే మనమూ అడగం.

అడగకపోతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. మన ఆదిలాబాదు సరిహద్దుకు ఆవల, మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా ఫుల్‌సావంగి గ్రామంలో, లోహపు పని చేసుకొని బతికే ఒక యువకుడు తానుగా హెలికాప్టరు కట్టాడు. 2021 ఆగస్టులో నేలమీదనే దాన్ని తిప్పి పరీక్షిస్తుండగా తోక పంకా విరిగి పెద్ద పంకాకు తగిలింది, పెద్ద పంకా అతడి తలకు తగిలింది. ప్రాణం పోయింది. ప్రభుత్వం ప్రోత్సహించి ఉంటే ఎంతవాడయ్యేవాడో అని అప్పుడూ అన్నాం. ప్రోత్సాహమంటే ఏమిటి? డబ్బా? సన్మానమా? ఆ రోజు ఆ యంత్రం పక్కన ఒక అనుభవజ్ఞుడు నిలబడి, తోక పంకా బిగింపును వేళ్ళతో తడిమి, నాయనా, ఇది తిప్పకు అని అని ఉంటే, లక్ష రూపాయల బహుమతికన్నా అది గొప్ప ప్రోత్సాహం అయ్యేది.

నా వాదం ఇంతే. ఇంట్లో విమానం కట్టేవాడికి కావలసింది రెండు. చూసే మరొక కన్ను, అవసరమైతే ఆపే మరొక చేయి. మనం అతడికి ఇస్తున్నవీ రెండే. ఒకటి శాలువా, రెండు మూసిన తలుపు.

తలుపు సంగతి తరువాత. ముందు శాలువా జబ్బు గురించి చెప్పాలి, ఎందుకంటే ఇది పల్లెటూరి విలేఖరి ఒక్కడి జబ్బు కాదు. పుష్పకం పేరెత్తితే చాలు, పొంగిపోయే జాతి మనది. 'వైమానిక శాస్త్రం' అనే గ్రంథంలో ప్రాచీన విమానాల నిర్మాణరహస్యాలున్నాయని ఎందరో మురిసిపోయారు. 1974లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఐదుగురు శాస్త్రజ్ఞులు చేయవలసిన పని చేశారు. అందులోని బొమ్మలను, కొలతలను, బరువులను తీసుకొని లెక్కకట్టారు. అవి ఎగరవని, ఆ గ్రంథం ఇరవయ్యో శతాబ్దపు రచనే తప్ప ప్రాచీనం కాదని తేల్చారు. అయినా 2015 జనవరిలో ముంబయిలో జరిగిన సైన్సు కాంగ్రెసులో ప్రాచీన విమానాల మీద ప్రసంగం నడిచింది. పొగడ్తకు వెయ్యి నాలుకలు, పరీక్షకు పది కళ్ళు! ఆ పది కళ్ళనూ దేశద్రోహుల కళ్ళుగా చూడడం మనకు అలవాటు.

ఇక ఒక ఆక్షేపణ. రైటు సోదరులను ఎవరు తనిఖీ చేశారండీ అని అడిగేవారుంటారు. ఒకరినొకరు తనిఖీ చేసుకున్నారు. ఇద్దరుండడమే వారి బలం. అంతటివారి యంత్రంలోనే 1908 సెప్టెంబరు 17న అమెరికాలోని ఫోర్ట్ మాయర్‌లో ఒక పంకా చీలి, తోకను పట్టి ఉంచే తీగకు తగిలింది. యంత్రం కూలింది. ఆర్విల్ తీవ్రంగా గాయపడ్డాడు, పక్కన కూర్చున్న సైనికాధికారి థామస్ సెల్ఫ్‌రిడ్జ్ మరణించాడు. ఇంజను ఉన్న విమానంలో ప్రయాణిస్తూ చనిపోయిన మొదటి మనిషి అతడే. కాకిపిల్ల కాకికి ముద్దు. ఆ ముద్దే కన్ను కప్పుతుంది. తాను రేయింబవళ్ళు కూర్చుని అతికిన అతుకులో పగులు ఉంటుందని కట్టినవాడి మనసు ఒప్పుకోదు.

కట్టిన రోజు ఒకసారి చూస్తే చాలదు, ఏడాదికొకసారి చూడాలి. విమానం కట్టడం పూర్తయిన నాటి నుంచే అరగడం మొదలుపెడుతుంది. అదురుకు నట్లు వదులవుతాయి. వాటిని పట్టి ఉంచే సన్నని తీగ ఎక్కడో పుటుక్కుమంటుంది. చుక్కానిని లాగే ఉక్కుతాడు, కప్పీ మీదుగా వంగేచోట ఒక్కొక్క పోగే తెగుతుంది. కంటికి కనబడదు, గుడ్డతో తుడిస్తే గుడ్డ పీచు పట్టుకొని చెబుతుంది. కొయ్య పంకా ఎండకాలం కుంచించుకుపోయి, వానాకాలం ఉబ్బుతుంది గనుక దాని బోల్టుల బిగువు మారుతుంది. నూనె వడపోతను కోసి, మడతలు విప్పి, లోహపు రజను ఉన్నదేమో వెలుతురులో చూడాలి. సిలిండర్లలో గాలి నిలుస్తున్నదో లేదో కొలవాలి. ఇంధనపు గొట్టాలను నలిపి చూడాలి. రెక్క దూలాన్ని ఒంటికి కలిపే బోల్టుల చుట్టూ తుప్పు, పగులు, రంగు లేవడం వెతకాలి. ఇది ఒక పూటలో ముగిసే పని కాదు. నలుపైన చేతులతో, మోకాళ్ళ మీద కూర్చుని, అద్దంతో దీపంతో చేసే పని. దీనికి ఏ శాలువా రాదు.

లోకంలో ఈ పని ఎలా సాగుతున్నది? అమెరికాలో ఇంట్లో కట్టిన విమానాలు వేలల్లో ఉన్నాయి. నిర్మాణంలో అధికభాగం తమ అభ్యాసానికో వినోదానికో కట్టుకున్నవారి చేతిపనే కావాలని అక్కడి నియమం. ప్రతి పన్నెండు నెలలకూ తనిఖీ జరిగి, పుస్తకంలో సంతకం పడాలి. కట్టినవాడు ధ్రువపత్రం పొందితే ఆ సంతకం తానే చేయవచ్చు. కొనుక్కున్నవాడికి చాలాకాలం ఆ హక్కు ఉండేది కాదు, లైసెన్సు ఉన్న మెకానిక్కును వెతుక్కోవలసి వచ్చేది. ఎవరో కట్టినదాని మీద సంతకం పెట్టి బాధ్యత నెత్తిన వేసుకోవడానికి మెకానిక్కులు వెనకాడడం అక్కడా ఉన్నదే. అందుకే 1953లో పుట్టిన ఔత్సాహికుల సంఘమొకటి అనుభవజ్ఞులైన సలహాదారులను తయారుచేసుకున్నది. వారు పిలిస్తే షెడ్డుకు వస్తారు, ఉచితంగా చూస్తారు, తప్పు చెప్పి పోతారు. బ్రిటనులో మరొక అడుగు ముందుకు వేశారు. 1946లో మొదలై, ఇప్పుడు తేలిక విమానాల సంఘంగా పిలవబడుతున్న సంస్థ తానే తనిఖీదారులను నియమిస్తుంది. ఏటేటా అనుమతి కొనసాగడం వారి పరీక్ష మీద ఆధారపడుతుంది. ప్రభుత్వం బాధ్యత వదులుకోలేదు, పని తెలిసినవారి చేతిలో పెట్టింది.

అక్కడ ప్రమాదాలు జరగవని కాదు. 1997 అక్టోబరు 12న గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియాలో సముద్రంలో కూలి మరణించాడు. అతడు నడిపినది బర్ట్ రుటాన్ రూపొందించిన లాంగ్-ఈజీ, వేరొకరు ఇంట్లో కట్టగా తాను కొనుక్కున్నది. ఇంధనపు తొట్లను మార్చే పిడిని, నమూనాలో ఉన్నచోట కాక, కట్టినవాడు నడిపేవాడి ఎడమ భుజం వెనక పెట్టాడు. అది చేతికి సరిగా అందడం లేదని బయలుదేరే ముందే మెకానిక్కుతో మాట్లాడుకున్నారు. అయినా విమానం లేచింది. గాలిలో వెనక్కి తిరిగి ఆ పిడిని అందుకోబోతుంటే విమానం అదుపు తప్పిందని దర్యాప్తు తేల్చింది. ఇక్కడ కన్ను చూసింది, చేయి ఆపలేదు. తనిఖీ అంటే చూడడమే కాదు, వద్దనగలగడం. నేను మొదట రెండు చెప్పినది అందుకే.

ఇప్పుడు మూసిన తలుపు సంగతి. ముంబయిలో ఒక విమాన చోదకుడు, అమోల్ యాదవ్, తమ భవనం పైకప్పు మీద ఆరుగురు కూర్చునే విమానం కట్టాడు. ఏళ్ళ తరబడి తిరిగిన మీదట 2017లో దానికి నమోదు, 2019లో ఎగరడానికి అనుమతి దొరికాయి. వృత్తిలో ఉన్నవాడు, మహానగరంలో ఉన్నవాడు, ముఖ్యమంత్రి దాకా మాట చేరినవాడు. అతడికే అంత కాలం పట్టింది. ఇక జనగామలోనో, మానుకోటలోనో, భూపాలపల్లిలోనో ఒకడు కట్టాడనుకుందాం. ఎలాగో అనుమతీ తెచ్చుకున్నాడు, ఏడాది ఎగిరాడు. సంవత్సరం తిరిగింది. ఇప్పుడు ఎవరిని పిలవాలి? లైసెన్సు ఉన్న ఇంజినీరు హైదరాబాదులో ఉంటాడు. ఆ లైసెన్సు మీద ఫలానా విమానాలకని రాసి ఉంటుంది. ఇతడి యంత్రం లోకంలో ఒక్కటే, దాని పేరు ఏ లైసెన్సులోనూ ఉండదు. రెక్కలు ఊడదీసి లారీ మీద మోసుకుపోవాలా? పోయినా చూసేదెవరు? నియమం చూడమంటుంది, చూసేవాడిని మాత్రం చూపదు. అప్పుడు మిగిలేవి రెండు దారులు. యంత్రాన్ని తుప్పుకు వదలడం, లేదా ఎవరికీ చెప్పకుండా ఎగరడం. రెండవ దారికి మనమే దీపం పెడుతున్నాం.

ఈ మూడు ఊళ్ళ పేర్లు ప్రాస కోసం ఎత్తలేదు. తనిఖీ అనే విద్య ఇక్కడి మట్టిలోనే ఉన్నది. జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకును లక్క మీద పరచి ఉలితో సుత్తితో రూపం తెచ్చే విశ్వకర్మలున్నారు. రేకు ఎక్కడ పలచబడుతున్నదో, ఏ దెబ్బకు చిట్లుతుందో వారి వేళ్ళకు తెలుసు. మానుకోట మీదుగా పోయే కాజీపేట–డోర్నకల్ రైలుదారిలో కీమ్యాను సుత్తి భుజాన వేసుకొని తన బీటు పొడుగునా నడుస్తాడు. వదులైన కీని కొట్టి బిగిస్తాడు. పట్టా విరిగి కనబడితే ఎర్రజెండా పాతి, ఎంత పెద్ద ఎక్స్‌ప్రెసునైనా ఆపుతాడు. 2024 సెప్టెంబరు 1న వరదకు కేసముద్రం దగ్గర కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడిన దృశ్యం చూసినవారికి ఆ ఎర్రజెండా విలువ చెప్పనక్కరలేదు. భూపాలపల్లి గనుల్లో సర్దారు కార్మికులకంటే ముందు పనిస్థలానికి వెళ్ళి, పైకప్పును కర్రతో తట్టి వింటాడు. గట్టిగా మోగితే సరే. డొల్లగా మోగితే అందరూ వెనక్కి రావలసిందే. ఉత్పత్తి ఆగిందని అతడి మాటను కొట్టివేయడానికి చట్టం ఒప్పుకోదు.

చూడండి, కన్నూ ఇక్కడే ఉన్నది, చేయీ ఇక్కడే ఉన్నది. కీమ్యానుకు, సర్దారుకు ఇచ్చిన ఆ ఆపే అధికారం ఇంటి విమానం దగ్గర ఎవరికీ లేదు. పెంబర్తి పనివాడు రేపే విమానాలను తనిఖీ చేయగలడని నేననడం లేదు. విమానానికి విమానపు చదువు కావాలి. కాని ఆ చదువును నాటడానికి నేల సిద్ధంగా ఉన్నదంటున్నాను.

తనిఖీ అంటే లంచమేగా, వాహనాల ఫిట్‌నెస్ కాగితాలు ఎలా వస్తున్నాయో తెలియదా అని వెక్కిరించేవారికి ఒక మాట. కాగితం కొనుక్కున్న లారీ బ్రేకు పడకపోతే రోడ్డు పక్కన ఆగే అవకాశమైనా ఉంటుంది. గాలిలో రోడ్డు పక్క లేదు. దొంగ తనిఖీకి మందు మంచి తనిఖీయే కాని, తనిఖీ లేకపోవడం కాదు. పేద జిల్లాల్లో విమానాల సరదా ఏమిటని అడిగేవారికి మరొక మాట. సరదా ఉన్న కుర్రవాడు మీ అనుమతి కోసం ఆగడు. ఆగలేదని ఫుల్‌సావంగి చెప్పింది.

వరంగల్లు పక్కన నిజాము కాలపు మామునూరు విమానాశ్రయం దశాబ్దాలు పడావు పడి ఉన్నది. 2025లో దాన్ని మళ్ళీ తీర్చిదిద్దడానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. పెద్ద విమానాలు వస్తాయని, భూముల ధరలు పెరుగుతాయని అందరూ లెక్కలు వేస్తున్నారు. ఆ వందల ఎకరాల అంచున ఒక రేకుల షెడ్డు అడుగుతున్నాను. అందులో నెలకొక రోజు, పదవీ విరమణ చేసిన విమాన ఇంజినీర్లు ఇద్దరు కూర్చోవాలి. బ్రిటనులో వలె వారికి డీజీసీఏ అధికారం ఇవ్వాలి. ఏమేమి చూడాలో తెలుగులో అచ్చువేసిన పట్టిక గోడకు వేలాడాలి. సగం కట్టిన యంత్రాన్ని కూడా తెచ్చి చూపవచ్చునని, చూపినందుకు పోలీసులు రారని అందరికీ తెలియాలి. ఇది ఎగరదు అని చెప్పినప్పుడు ఎందుకు ఎగరదో కూర్చోబెట్టి వివరించాలి. 1934 నాటి విమాన చట్టాన్ని తీసివేసి 2025 జనవరి 1 నుంచి కొత్త చట్టం తెచ్చుకున్నాం గదా, ఆ కొత్తదనంలో ఇంతపాటి చోటు పట్టదా?

మిత్రులారా, ఈసారి అటువంటి వార్త మీ కంటబడితే గర్వించండి, తప్పులేదు. కాని నలుగురికి పంపేముందు ఆ ఒక్క ప్రశ్న జోడించి పంపండి: దీన్ని ఎవరు చూశారు, ఎవరు ఆపగలరు? జవాబు లేకపోతే అది గర్వించవలసిన వార్త కాదు, భయపడవలసిన వార్త.