అబద్ధమని చెబితే అలక ఎందుకు?

మొన్నామధ్య మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మా మేనత్త ఓ వీడియో పెట్టింది. మోటారు సైకిల్ మీద వచ్చిన ఇద్దరు, వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. 'మన ఊళ్లోకి ముఠా దిగింది, పిల్లల్ని బయటికి పంపకండి' అని కింద రాసుంది.

చూడగానే నా గుండె కూడా ఝల్లుమంది. అంతలోనే గుర్తొచ్చింది, 2018లోనూ ఇదే తిరిగింది! పిల్లల్ని ఒంటరిగా వదలొద్దని తల్లిదండ్రుల్ని హెచ్చరించడానికి పాకిస్తాన్‌లోని కరాచీలో తీసిన చిన్న సినిమా అది. చివర్లో ఆ ఇద్దరే పిల్లాణ్ణి వెనక్కి తెచ్చి దింపుతారు. ఆ ముక్క ఎవరో కత్తిరించేశారు.

'అత్తయ్యా, ఇది అబద్ధం' అని గ్రూపులోనే రాసేశాను. అరగంట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అత్తయ్య జవాబు: 'మంచికే పెట్టాను. జాగ్రత్తగా ఉంటే పోయేదేముంది?' మా వదిన ఓ దణ్ణం బొమ్మ పెట్టింది. నాలుగు రోజులు అత్తయ్య నాతో మాట్లాడితే ఒట్టు.

పోయేదేముంది? ప్రాణాలే పోయాయి. 2018 మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న అనుమానంతో ఓ ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. అదే ఏడాది జులై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడాలో, భిక్షాటనకు వచ్చిన అయిదుగురు ఇలాంటి పుకారుకే బలయ్యారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది.

మరి నిజం చెబితే జనం ఎందుకు వినరు? తప్పని రుజువు చూపిస్తే కొందరు ఇంకా మొండిగా దాన్నే పట్టుకుంటారని 2010లో అమెరికా పరిశోధకులు బ్రెండన్ నైహాన్, జేసన్ రైఫ్లర్ రాశారు. కానీ 2019లో వెలువడిన మరో అధ్యయనంలో థామస్ వుడ్, ఈథన్ పోర్టర్ పదివేల మందికి పైగా పరీక్షించి చూస్తే, అలాంటి మొండితనం దాదాపు కనబడలేదు. నిజం చెబితే ఎక్కువమంది ఎంతో కొంత దిద్దుకున్నారు. అంటే మనవాళ్లకి నిజం అంటే పడక కాదు. పదిమందిలో తల దించుకోవడమే పడదు.

2018లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఇది గ్రహించారు. ఇవే పుకార్లు అక్కడా పాకితే, 'నమ్మొద్దు' అని ఓ ప్రకటన ఇచ్చి ఊరుకోలేదు. పోలీసుల్ని పల్లెలకు పంపించారు. జానపద కళాకారులతో పాటలు పాడించారు. ఊరివాళ్లని కూర్చోబెట్టి మాట్లాడించారు. తెలిసిన ముఖం ఎదుటికొచ్చి ఓపిగ్గా చెబితే ఎవరు వినరు?

అయిదో రోజు నేనే అత్తయ్యకు ఫోన్ చేశాను. అబద్ధం ఊసెత్తకుండా, "ఆ వీడియో చూసి నేనూ హడలిపోయాను అత్తయ్యా" అన్నాను. అంతే, గొంతు మారిపోయింది. "మన చిన్నాడు ఒక్కడే ట్యూషన్‌కి వెళ్లొస్తాడు కదే" అంది. అప్పుడు కరాచీ సంగతి చెప్పాను. కాసేపు ఆగి, "మా భజన మండలి వాళ్లందరికీ పంపేశానే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అంది.

అదీ అసలు బాధ! "పాత వీడియోనట, మా మేనకోడలు చూసి చెప్పింది అనండి. నష్టమేముంది?" అన్నాను. అలాగే పంపింది. అబద్ధం చేరిన ప్రతి చోటికీ ఆ దిద్దుబాటు చేరిందో లేదో చెప్పలేను. కానీ దాన్ని పంపిన చేతులే నిజాన్నీ పంపాయి.

మనమూ అంతే. తప్పు కనబడగానే అందరిలో ఎత్తిచూపకుండా, ముందు ఒక్క ఫోన్ చేద్దాం. మనకెవరైనా చెబితే అలగకుండా విందాం.

నిన్న అత్తయ్య నా ఒక్కదానికే ఓ మెసేజ్ పంపింది. ఏదో నూనెతో మోకాళ్ల నొప్పులు మాయమట. కింద రాసింది: 'ఇది నిజమేనటే? నువ్వు చెప్పాకే పంపుతాను.'