కీళ్లవాత చికిత్సలో నర్సు మాటకు చోటు కావాలి

సూరత్ మరమగ్గాలపై తయారయ్యే బట్టలో తెలుగు కార్మికుల చెమట కలిసియున్నది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాలనుండి వలసవెళ్లిన నేత కుటుంబాలు లింబాయత్, ఉధనా వాడలలో దశాబ్దాలుగా స్థిరపడినవి. పురుషులు పన్నెండు గంటల షిఫ్టులలో మగ్గాలవద్ద నిలబడుచున్నారు. స్త్రీలు ఇంటివద్ద చీరలకు రాళ్లు అంటించుట, దారాలు కత్తిరించుట వంటి పనులు పీసు రేటుపై చేయుచున్నారు. కీళ్లు పట్టుకొనిపోయిన నాడు వీరి కూలియు ఆగిపోవును.

రుమటాయిడ్ కీళ్లవాతం పురుషులకన్న స్త్రీలకు రెండు మూడు రెట్లు అధికంగా వచ్చును. ఉదయం లేవగానే వేళ్లు చాలాసేపు బిగుసుకొనియుండుట దాని ముఖ్య లక్షణం. తొలి నెలలలోనే సరియైన చికిత్స ప్రారంభించినచో కీళ్లు వంకరపోకుండ చాలవరకు కాపాడవచ్చును. అయితే ఇందుకు విరివిగా వాడే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకొనవలసినది. పొరపాటున ప్రతిదినం మింగినచో ప్రాణానికే ముప్పు. గర్భిణులు దానిని వాడరాదు. వాడేవారు క్రమంగా రక్తపరీక్షలు చేయించుకొనవలెను.

కిక్కిరిసిన ఓ.పి.లో వైద్యుడు చీటీ వ్రాయుటతోనే సమయం ముగియును. ఈ జాగ్రత్తలు విడమరచి చెప్పి, రోగిచేత తిరిగి చెప్పించి, అర్థమైనదని నిర్ధారించుకొనగలది నర్సు. దుకాణంలో కొన్న నొప్పిమాత్రలు నెలల తరబడి మింగినచో కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు హాని కలుగునని, మోకాళ్లు అరిగినవారికి తగిన వ్యాయామం మేలు చేయునని బోధించవలసినదీ ఆమెయే. యూరప్ కీళ్లవ్యాధుల సంఘాల సమాఖ్య ‘యూలార్’ 2012లో వెలువరించిన సిఫారసులు నర్సుద్వారా విద్యాబోధన పొందు అవకాశం రోగికి ఉండవలెనని స్పష్టం చేసినవి.

కాని చాలినంతమంది నర్సులను నియమించకుండ బోధన చేయలేదని వారిని నిందించుట అన్యాయం. నర్సు కూడ కార్మికురాలే. రోగికి తెలియని భాషలో చెప్పిన హితవు వృథా. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ ప్రాథమిక పాఠశాలలు నడుపుచున్నది. పాఠశాలలో గుర్తింపు పొందిన భాషకు ఆసుపత్రిలో చోటు కల్పించుట అసాధ్యం కాదు.

1948 చట్టంతో ఆరంభమైన ఇ.ఎస్.ఐ. పథకం సాధారణంగా పదిమంది, అంతకుమించి పనిచేయు సంస్థలకే వర్తించుచున్నది. ఇంటివద్ద పీసు రేటుపై పనిచేయు స్త్రీకి ఆ రక్షణ లేదు. ఆమెకు ప్రభుత్వాసుపత్రియే దిక్కు.

కావున, కీళ్లవ్యాధుల ఓ.పి.లలో బోధనకై శిక్షణ పొందిన నర్సుల పోస్టులు మంజూరు చేయవలెను. తెలుగులో సూచన పత్రాలు ముద్రించవలెను. ఇంటిపని కార్మికులకు ఇ.ఎస్.ఐ. రక్షణ విస్తరించవలెను. నర్సుల సంఘాలు, మరమగ్గ కార్మికుల సంఘాలు ఈ కోర్కెలను ఉమ్మడిగా ముందుకు తీసుకొనిపోవలెనని కోరుచున్నాము.