కొన్నవారి చరిత్ర ఎవరి సొత్తు?

కోల్‌కతాలోని గరియాహాట్ బజారులో చీర బేరమాడే గృహిణిని పేరేమిటని ఎవరూ అడగరు. అదే నగరంలోని సూపర్ మార్కెట్‌లో అరకిలో కందిపప్పు కొన్నా, బిల్లు వేసే ముందు కౌంటరులోని ఉద్యోగి ఫోను నంబరు అడుగుతాడు. ఆమె నంబరు చెప్పిన నాటి నుంచి ఏ రోజు ఏమి కొన్నదీ, ఎంత వెచ్చించినదీ, ఏ రాయితీకి ఆకర్షితురాలైనదీ ఒకే ఖాతాలో చేరిపోతూ ఉంటాయి.

ఆ ఖాతా చాలా సందర్భాలలో దుకాణంలో ఉండదు. క్లౌడ్ అని వ్యవహరిస్తున్న అద్దె కంప్యూటర్లలో, వేరే రాష్ట్రంలోనో వేరే దేశంలోనో ఉంటుంది. అమెజాన్ సంస్థ ఇటువంటి కేంద్రాలను 2016లో ముంబయి ప్రాంతంలోను, 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతంలోను ప్రారంభించింది. సొంత కంప్యూటర్లు కొనుక్కునే రోజులలో స్థలం చాలక వ్యాపారులు పాత లెక్కలు చెరిపివేసేవారు. ఇప్పుడు నెలనెలా అద్దె చెల్లిస్తే ఎంతైనా దాచవచ్చు గనుక చెరపవలసిన అవసరమే కనిపించడం లేదు. చిక్కంతా ఇక్కడే వచ్చింది.

ఈ వ్యాపార పరిభాషలో ‘కస్టమర్ జర్నీ’ అనే మాట తరచుగా వినవస్తుంది. వినియోగదారుని ప్రయాణం అని తెనిగిస్తే పాఠకులు రైలు ప్రయాణమనుకునే ప్రమాదం ఉన్నది. నిజానికి అది కొనుగోలుదారుని ప్రతి అడుగునూ వెన్నంటడమే.

సమాచార సేకరణ కోల్‌కతాకు కొత్త కాదు. మహలనోబిస్ 1931లో భారతీయ గణాంక సంస్థను స్థాపించినది అక్కడే. రెండు సమూహాల మధ్య పోలికను, దూరాన్ని కొలవడానికి 1936లో ఆయన ప్రకటించిన సూత్రాన్ని అనుమానాస్పద లావాదేవీలను పసిగట్టడానికి కంప్యూటర్లు నేటికీ వాడుతున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించిన సి.ఆర్. రావు 1941లో ఆ సంస్థలో చేరారు. చేతిలో ఉన్న సమాచారం నుంచి ఎంత కచ్చితమైన అంచనా రాబట్టగలమో, దానికి హద్దు ఎక్కడ ఉన్నదో 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో నిరూపించారు. ఆ కృషికే 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం లభించింది. ఆ ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

దేశ ప్రజలు ఏమి తింటున్నారో, ఏమి కొంటున్నారో తెలుసుకోవడానికి ప్రతి గడపా తొక్కనక్కరలేదని, జాగ్రత్తగా ఎంచిన కొద్ది ఇళ్లు చాలునని ఈ సంప్రదాయం రుజువు చేసింది. 1950లో ఆరంభమైన జాతీయ నమూనా సర్వే దీనిపైనే నడిచింది. సర్వే ఉద్యోగి బియ్యం, నూనె, బట్టల ఖర్చు అడుగుతాడు. కానీ ఆ సమాచారాన్ని గణాంకాలకు తప్ప మరొక పనికి వాడరాదని 2008 నాటి గణాంక సేకరణ చట్టం నిర్దేశిస్తున్నది.

దుర్గాపూజకు ఎంత నూనె తెప్పించాలో తేల్చుకోవడానికి వ్యాపారికి మొత్తం అమ్మకాల లెక్క చాలు. పేరు, నంబరు కావలసినది మరొకందుకు: ఆ ఒక్క మనిషి బలహీనత ఎరిగి, ఆ మనిషికే ప్రకటన పంపడానికి. రాయితీలు ఇస్తున్నాం కదా అని వ్యాపారులు వాదించవచ్చు. కోరి నంబరు ఇచ్చేవారూ లేకపోలేదు. అయితే పది రూపాయల తగ్గింపునకు ప్రతిగా ఎన్నేళ్ల సమాచారం ధారాదత్తం చేస్తున్నదీ కౌంటరు దగ్గర వారికి చెప్పేదెవరు?

నంబరు ఇస్తేనే సరుకు అమ్ముతామనడం అనుచిత వ్యాపార పద్ధతి అని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో స్పష్టం చేసింది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి కావాలని, అవసరమైనంత సమాచారమే తీసుకోవాలని చెబుతున్నది. క్లౌడ్ సంస్థపై నెపం వేసి దుకాణం తప్పించుకోవడానికి వీలు లేదు. ఇంతవరకు హర్షణీయమే.

కాగా నిబంధనలు 2025 నవంబరులో గాని వెలువడలేదు. వ్యాపారుల ముఖ్య బాధ్యతల అమలుకు మరో 18 నెలల గడువు ఇచ్చారు. 2 కోట్లు, అంతకు మించి వినియోగదారులున్న ఈ-కామర్స్ సంస్థలకు మూడేళ్ల గడువు విధించారు. అంతకాలం సేవలకై రానివారి సమాచారాన్ని అవి చెరపాలి. వీధిచివర సూపర్ మార్కెట్‌కు అటువంటి లెక్క లేదు, ‘ప్రయోజనం తీరగానే’ చెరిపితే చాలు. తీరిందని తేల్చేది ఆ దుకాణమే! చెరపమని కోరే హక్కు మనకు ఉన్నప్పటికీ, ఏ దుకాణం దగ్గర ఏమున్నదో గుర్తుంచుకుని అడిగేవారెందరు?

భద్రతా లోపాలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉన్నది. ఆ సొమ్ము చేరేది కేంద్ర ప్రభుత్వ సంచిత నిధికి. నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవారికి పరిహారం ఇప్పించే ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ను కొత్త చట్టం తొలగిస్తున్నది. సమాచారం పోయేది ఒకరిది, డబ్బు చేరేది మరొకరికి కావడం విడ్డూరం.

పరిహార నిబంధనను పార్లమెంటు పునరుద్ధరించాలి. చిన్నా పెద్దా దుకాణాలన్నిటికీ సమాచారం చెరిపే గడువును కేంద్రం ప్రకటించాలి. ఏమి తీసుకుంటున్నారో తెలిపే నోటీసును బెంగాలీ, తెలుగు వంటి రాజ్యాంగ గుర్తింపు పొందిన భాషలలో చదువుకునే అవకాశం చట్టమే కల్పించింది గనుక దానిని కౌంటరు ముందే పెట్టించవచ్చు. అన్నిటికన్నా ముందు, నంబరు గడి ఖాళీగా ఉంటే బిల్లు రాకుండా అమర్చిన సాఫ్ట్‌వేరు ఏ దుకాణంలో ఉన్నా మార్పించాలి.