కరెంటు కబురు సాంచా వద్దకు రావలెను

కరెంటు పోయినప్పుడు తిట్టుకొనుట, రాగానే మరచిపోవుట మనకు అలవాటైనది. ఈ సరుకు నూలు వంటిది కాదని మనము గ్రహింపవలెను. నూలు బేళ్లను గోదాములో దాచవచ్చును. విద్యుచ్ఛక్తిని ఆ విధముగ దాచుట నేటికిని ఖర్చుతో కూడిన పని. ఎంత వాడకమో అంత ఉత్పత్తి ఆ క్షణముననే జరుగవలెను. వాడకము మించినచో సెకనుకు 50 చొప్పున ఉండవలసిన ఆవృత్తులు తగ్గును; ఉత్పత్తి మించినచో పెరుగును. మన దేశమున అవి 49.90కి, 50.05కి మధ్య నుండవలెనని నియమము.

ఈ తూకమును నిలుపునది యంత్రములు మాత్రమే కావు. వేళకు అందు సమాచారము. రోజును 15 నిమిషముల వంతున 96 భాగములు చేసి, ఏ భాగమున ఎవరికెంత కావలెనో లోడ్ డిస్పాచ్ కేంద్రములు ముందుగనే లెక్కగట్టుచున్నవి. లెక్క తప్పిన ఫలితము 2012 జూలై 30, 31 తేదీలలో చూచితిమి. 31వ తేదీన 60 కోట్లకు పైగా జనులుండు ప్రాంతములకు కరెంటు నిలిచినది. నాడు దక్షిణాది గ్రిడ్డు వేరుగ నుండి తప్పించుకొన్నది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు లైనుతో అదియు కలిసినది. మనవారు తరతరములుగ సాంచాలు నడుపుచున్న షోలాపూరే ఆ ముడికి ఒక కొస. కనుక ఇది మనకు దూరపు సంగతి కాదు.

2023లో కేంద్రము సవరించిన నిబంధనల ప్రకారము 10 కిలోవాట్లకు మించిన పరిశ్రమలకు వేళను బట్టి ధర. ఎండ వేళ కనీసము 20 శాతము తక్కువ. గిరాకీ వేళ కనీసము 20 శాతము ఎక్కువ. ఆ వేళలను నిర్ణయించునది రాష్ట్ర నియంత్రణ మండలి. పద్ధతి న్యాయమైనదే. కాని మన వాడకపు కబురు మీటరు నుండి ఆఫీసుకు పోవుచున్నది. అచటి నుండి మనకు వచ్చునది బిల్లు మాత్రమే. ఒకవైపు కబురుతో తూకము నిలుచునా?

నడుచుచున్న సాంచా అకస్మాత్తుగ ఆగి మరల నడచినచో గుడ్డపై గీత పడును. ఆ గీతకు కోత కార్మికుని కూలిలో పడును. రేపటి కోత వేళలు, ధర వేళలు ముందునాటి సాయంత్రమే మన భాషలో ఫోనుకు వచ్చినచో ఈ నష్టము చాలవరకు తప్పును. కండెలు చుట్టుట, బీములు నింపుట ఎండ వేళకు మార్చుకొనవచ్చును. ఏ షెడ్డు ఎంత తగ్గించగలదో మనమును ముందుగ తెలుపవచ్చును.

అయితే యజమానులకు ఒక మాట. వేళ మార్చుటవలన మిగిలిన సొమ్ము మీ పెట్టెలోను, మారిన వేళల కష్టము కండెలు చుట్టు స్త్రీల నెత్తిన పడరాదు. వారిని అడిగియే వేళలు మార్చవలెను. మిగులులో వారికి భాగమీయవలెను.

ఈ కోరికను నియంత్రణ మండలి బహిరంగ విచారణలో సంఘము పక్షమున వినిపింపవలెనని మా అభిప్రాయము. అందుకై ప్రతి షెడ్డువారును ఒక నెలపాటు కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ, నష్టపడిన గజములు వ్రాసి పంప ప్రార్థన. లెక్క లేని మొర ఎవరికిని వినబడదు.