ఠాణా మెట్లెక్కక ముందే కూర్చోబెట్టండి

మీ మండల పోలీసు స్టేషన్ ముందు చెట్టు కింద నిలబడ్డ జనాన్ని ఒకసారి పలకరించి చూడండి. గెట్టు మీద రాయి జరిపారని ఒకరు వచ్చి ఉంటారు. పక్కింటివాళ్లు వాన నీళ్లు మా వాకిట్లోకి మళ్లించారని ఇంకొకరు. చేబదులు తీసుకుని ఎగ్గొడుతున్నాడని మరొకరు. పెళ్లి బరాత్‌లో డీజే దగ్గర తోసుకున్న ఇద్దరు కుర్రాళ్ల తండ్రులు ఎడమొహం పెడమొహంగా నిలబడి ఉంటారు. మొదటి రోజున వీటిలో ఏదీ పెద్ద నేరం కాదు. పది రోజులు నానబెట్టి, నాలుగు మాటలు అనుకుని, ఒకడు కర్ర తీశాక పెద్ద నేరం అవుతుంది.

పొలం హద్దులు, అప్పులు, దారి తగాదాలు తేల్చే అధికారం చట్టం పోలీసులకు ఇవ్వలేదు. అది సివిల్ కోర్టు పని. కానీ కోర్టంటే దూరం, ఖర్చు, ఏళ్లకేళ్లు. ఠాణా దగ్గర. అందుకే జనం ఎస్సై దగ్గరికి పరిగెడతారు. ఆయన ఇద్దరినీ గద్దించి పంపిస్తే దానికి సెటిల్‌మెంట్ అని పేరు. ఓడిపోయాననుకున్నవాడు అవతలివాడు డబ్బు తినిపించాడని నమ్ముతాడు. కొన్నిచోట్ల అది నిజం కూడా. ఈ సందులోనే పైరవీకారుడు పుట్టుకొస్తాడు, పిటిషన్ రాసిపెట్టడానికో రేటు, లోపల మాట్లాడిపెట్టడానికో రేటు చెబుతాడు. గస్తీ తిరగాల్సిన, దొంగను పట్టుకోవాల్సిన కానిస్టేబుల్ గెట్టు తగాదాలో ఇరుక్కుంటాడు. చివరికి జనానికి పోలీసంటే భయం, పోలీసుకు జనమంటే విసుగు మిగులుతాయి. తొలిరోజునే ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టే మనిషి ఊళ్లో ఉంటే ఇందులో సగం జరగదని నా గట్టి నమ్మకం. ఆ మనిషి మీరే కావాలి.

ఇది జరిగే పనేనా అని సందేహించేవాళ్లకు భివండీ గురించి చెప్పాలి. ఆ పేరు తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. ఇక్కడి నేత కుటుంబాలు ఎన్నో పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని ఆ మరమగ్గాల ఊరికి తరలిపోయాయి. 1970లో ఒకసారి, 1984లో మళ్లీ, భివండీ మతకలహాల్లో తగలబడింది. 1988లో సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి అక్కడికి డీసీపీగా వచ్చారు. మన దేశంలో శాంతి కమిటీలు ఎప్పటినుంచో ఉన్నాయి, కానీ గొడవ రాజుకున్నాక పేరున్న నాయకులను పిలిచి టీ ఇచ్చి పంపే కమిటీలే ఎక్కువ. ఖోపడే వాడవాడకూ మొహల్లా కమిటీ పెట్టించారు. అలాంటివి దాదాపు 70. వాటిలో హిందువులూ ముస్లింలూ కలిసి కూర్చున్నారు, ఆ వాడ పోలీసులూ కూర్చున్నారు. అంతా సవ్యంగా ఉన్న రోజుల్లోనే కూర్చున్నారు, ఇరుగుపొరుగు తగాదాలు అక్కడే మాట్లాడుకున్నారు.

1992 డిసెంబరులో బాబ్రీ మసీదును కూల్చేశారు. ఆ డిసెంబరులో, మరుసటి జనవరిలో ముంబై అల్లర్లు 900 మందిని బలిగొన్నాయని వాటిపై విచారణ జరిపిన శ్రీకృష్ణ కమిషన్ లెక్క తేల్చింది. ముంబైకి అంత దగ్గరలో ఉన్న భివండీ, రెండుసార్లు కాలిన భివండీ, ఆ రోజుల్లో ప్రశాంతంగా ఉంది. ఏళ్ల తరబడి చిన్న విషయాల కోసం పక్కపక్కన కూర్చున్నవాళ్లకు వదంతి వచ్చిన రాత్రి ఎవరి తలుపు కొట్టాలో తెలుసు, బీటు కానిస్టేబుల్ పేరు తెలుసు. ఆ పరిచయమే ఆ ఊరిని నిలబెట్టిందని నేననుకుంటాను. ఆ తర్వాతే ముంబైలోనూ పోలీసు ఉన్నతాధికారులుగా పనిచేసిన జూలియో రిబేరో, సతీశ్ సాహ్నీ, సామాజిక కార్యకర్త సుశోభా బార్వే వంటివారు మొహల్లా కమిటీల ఉద్యమాన్ని నడిపారు.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. మిమ్మల్ని పాత రచ్చబండను మళ్లీ కట్టమని అడగడం లేదు. ఆ అరుగు మీద ఆడవాళ్లకు చోటు లేదు, దళితుడు దూరంగా నిలబడి తీర్పు విన్నాడు. ఇప్పటికీ కొన్ని ఊళ్లలో కమిటీల పేరుతో జరిమానాలు వేసి, కట్టకపోతే కుటుంబాన్ని వెలివేస్తున్నారు. అది చట్టం ముందు నేరం. నేను కోరే మధ్యవర్తి తీర్పు చెప్పడు, శిక్ష వేయడు. ఇద్దరి మాటా విడివిడిగా వింటాడు, కలిపి వింటాడు, వాళ్లంతట వాళ్లు ఒక ఒప్పందానికి వచ్చేదాకా ఓపిక పడతాడు. ఒకరికి ఇష్టం లేకపోతే అక్కడితో ఆపేస్తాడు.

అన్నీ రాజీకి తెచ్చే విషయాలూ కావు. అత్యాచారం, పిల్లల మీద లైంగిక దాడి, వరకట్న హింస, కులం పేరుతో దాడి, ఇలాంటివి మీ ముందుకు వస్తే బాధితుల పక్కన నడిచి స్టేషన్‌కు తీసుకెళ్లడమే మీ పని. పోలీసు కేసు కట్టనంటే, కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండానే పోలీసు అరెస్టు చేయగల నేరం) గురించి సమాచారం అందితే ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట గుర్తుచేయండి. పరువు పేరుతో ఒక ఆడపిల్ల నోరు నొక్కే రాజీలో మీ సంతకం ఉండకూడదు.

పోలీసుకు దగ్గర కావడమంటే లాఠీ పంచుకోవడం కాదు. తమిళనాడులో 1993లో రామనాథపురంలో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్ అనే వాలంటీర్ల సంస్థ మంచి ఆశయంతో పుట్టింది. 2020లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు కస్టడీ దెబ్బలకు చనిపోయినప్పుడు ఆ వాలంటీర్ల మీదా ఆరోపణలు వచ్చాయి, ప్రభుత్వం ఆ సంస్థను పక్కన పెట్టింది. మీరు ఠాణాకు సహాయకులుగా పోవద్దు. జనం మనుషులుగా వెళ్లి, ఎస్సైతో సమానంగా కూర్చుని మాట్లాడండి.

దారి తెరిచే ఉంది. 2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టం ఊరి ప్రశాంతతను చెడగొట్టే తగాదాల కోసం ఒక అధ్యాయాన్నే కేటాయించింది. ముగ్గురు మధ్యవర్తులు ఉండాలనీ, వారిని ఎంచుకునేటప్పుడు మహిళల ప్రాతినిధ్యాన్ని చూడాలనీ చెప్పింది. ఆ చట్టంలోని భాగాలను విడతల వారీగా అమల్లోకి తెస్తున్నారు. అందాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద జిల్లాలోనూ, కింది కోర్టు ఉన్నచోటా న్యాయ సేవల కార్యాలయాలు ఉన్నాయి. మీ ఊళ్లో కుదిరిన రాజీని లోక్ అదాలత్ ముందు పెట్టించండి. అక్కడ ఇచ్చే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. పారా లీగల్ వాలంటీర్లుగా శిక్షణ ఇచ్చేదీ న్యాయ సేవాధికార సంస్థే. ఉచిత న్యాయ సహాయానికి ఫోన్ నంబరు 15100.

ఐదారుగురు చేరండి. అన్ని వాడలవాళ్లూ ఉండాలి, సగం మంది ఆడపిల్లలు ఉండాలి. ఏ పార్టీ కండువా వద్దు, ఎవరి దగ్గరా రూపాయి తీసుకోవద్దు, చివరికి టీ ఖర్చు కూడా. ముందు ఎస్సైని కలిసి మీరెవరో, ఏం చేస్తారో, ఏం చేయరో చెప్పండి. తర్వాత జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి శిక్షణ అడగండి. వానలు పడితే గెట్టు తగాదాలు మొదలవుతాయి. ఆ లోపే, ఈ నెలలోనే, బయల్దేరండి.