పాత పడవకూ సాయం కావాలి

పులికాట్ సరస్సులో తెరచాప పడవపై ఆలుమగలు కలిసి వేటకు పోయే కుటుంబాలకు ఆ పడవే ఆస్తి. అతడు వల వేస్తే ఆమె గడ వేస్తుంది. ఒడ్డుకు చేరాక చేపలు ఏరేదీ, చిరిగిన చాప కుట్టేదీ ఆమే. అయినా పడవ ఎవరిదని అడిగితే అతడి పేరే చెబుతారు.

ఈ సరస్సు సగటు లోతు సుమారు ఒక మీటరు మాత్రమే. రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడినప్పుడు సముద్రపు నీరు సరిగా లోనికి రాదు. ఎండాకాలం నీరు తగ్గి పడవలు బురదలో నిలిచిపోతాయి. తడి ఆరిన కొయ్య కుంచించుకుపోయి పలకల మధ్య సందులు పడతాయి. అప్పుడు పడవను బోర్లించి, పుచ్చిన పలక మార్చి, సందుల్లో నార కూరి గుగ్గిలం పూయాలి. కలప ధర, వడ్రంగి కూలి వేరు. వేట లేని రోజుల్లోనే ఈ ఖర్చు! అప్పు పుట్టేది చేపలు కొనే షావుకారు దగ్గరే. ఆపైన పట్టిన చేపకు ధర కట్టేదీ అతడే.

2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పాత పడవ స్థానే కొత్తది కొనేందుకు రాయితీ పెట్టారు. సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలకు 60 శాతంగా నిర్ణయించారు. మంచిదే. మిగతా సొమ్ము చేతిలో లేనివారి మాటేమిటి? పాత పడవ మరి కొన్నేళ్లు నడిచేలా మరమ్మతుకే సాయం చేస్తే ఖజానాకు భారమూ తక్కువ. ఆ సాయం ఇల్లాలి పేరున ఇవ్వాలి. సరస్సులో నీరు తీయకముందే, మార్చిలోగా చేతికందాలి.