మోకాలికి ఏ సూది?

ఊడ్పులకు వంగీ, కొబ్బరి దింపులకు చెట్లెక్కీ అరిగిన మోకాళ్లు కోనసీమలో ఎన్నో! ‘ఒక్క సూదితో పోదా?’ అనిపించడం సహజమే. మరి ఏ సూది?

స్టెరాయిడ్ చవక. వాపు, నొప్పి త్వరగా తగ్గినా ఆ హాయి కొన్ని వారాలే. మధుమేహులకు కొద్దిరోజులు షుగర్ పెరగొచ్చు. మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు వేసిచూసిన 2017 నాటి అమెరికా పరిశోధనలో నొప్పి ఉప్పునీటి సూదికన్నా తగ్గలేదు సరికదా, గుజ్జు ఇంకాస్త అరిగింది.

హైలురోనిక్ యాసిడ్ జెల్ ఖరీదెక్కువ, సగటున ఫలితం స్వల్పం. మన రక్తంతోనే తయారుచేసే పీఆర్‌పీ కూడా 2021 నాటి ఆస్ట్రేలియా పరిశోధనలో ఏడాది తర్వాత ఉప్పునీటిని మించలేదు.

దింపు డబ్బులు సూదికి పెట్టేముందు ‘ఉపశమనం ఎన్నాళ్లు?’ అని డాక్టర్ని అడగండి. నొప్పి తగ్గిన ఆ రోజుల్లోనే తొడ కండరాల వ్యాయామం మొదలుపెట్టండి, బరువు తగ్గండి. సూది ఇచ్చేది కాస్త వ్యవధే!